వస్తున్నా అత్తయ్యా

“ఇంట్లో ఊరికే కూర్చునేదానివే కదా, ఈ పేజీలు కొట్టి పెట్టు,” అని కాగితాల కట్ట బల్ల మీద పడేసి భర్త కాలేజీకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన బైబిలు పాఠాలు చెబుతాడు. బైబిల్లోని గ్రీకు మాటల మీద పుస్తకం రాస్తున్నాడు. రాసేది ఆయన, కంప్యూటర్లో కొట్టేది ఆమె. ఊరికే కూర్చోవడమంటే, మంచాన పడ్డ అత్తగారికి ఒళ్ళు తుడిచి, పాలు తాగించి, పక్కబట్టలు మార్చి, వాటిని ఉతికి ఆరేశాక కూర్చోవడం.

ఆ పొద్దున వచ్చిన మాట ‘అలలాజో’. చావింట్లో గొంతెత్తి ఏడవడమని అర్థం. గణగణ మోగే కంచుతాళాల మోతకీ అదే మాటట. పూర్వం యుద్ధంలో సైనికులు పెట్టిన కేకకీ అదేనట. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఏడుపూ, మోతా, యుద్ధమూ ఒక్క మాటలో ఎలా ఇమిడాయి? పైకి అని చూసింది. అలలా, అలలా. నాలుక మీద భలే ఆడింది. పెళ్ళయ్యాక ఏ ఆలోచనా ఇంతగా తన సొంతం అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి “అమ్మాయ్” అని పిలుపు.

“వస్తున్నా అత్తయ్యా.”

వెళ్ళలేదు. దిండు జరిగిందనో, కిటికీ వేయమనో అయ్యుంటుంది, రోజూ ఉండే పిలుపే. కాసేపు నన్ను నా మానాన వదిలేస్తే ఏం కొంపలు మునుగుతాయి అనుకుంది. ఇంకోసారి పిలిచింది, సన్నగా. అదీ వినబడింది. పేజీ పూర్తిచేసి వెళ్ళేసరికి అత్తగారి చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది.

ఊరినుంచి వచ్చిన ఆడపడుచు గడపలోనే కూలబడి గుండెలు బాదుకుంది. వీధి వీధంతా కళ్ళు తుడుచుకుంది. ఆమె మాత్రం కుర్చీలు వేసింది, టీ కాచింది, కప్పులు కడిగింది.

“కోడలి కంట చుక్కైనా లేదు చూశావా?” అంది పక్కింటావిడ ఇంకొకావిడతో.

“చాకిరీ తప్పిందిగా మరి!”

ఆ మాట సూదిలా దిగింది. ఎప్పుడు తప్పుతుందా అని తను అనుకోలేదా? పిలిచినప్పుడు కదలని మనిషి ఇప్పుడు ఏ మొహంతో ఏడవాలి?

జనం పలచబడ్డాక భర్తతో చెప్పింది. “అత్తయ్య నన్ను పిలిచారండీ. విన్నాను. వెళ్ళలేదు.”

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. “చెల్లెలి దగ్గర ఈ మాట ఎత్తకు. పరువు పోతుంది,” అన్నాడు. ఆపైన, “ఆ పేజీలు అయ్యాయా? ప్రెస్సువాళ్ళు అడుగుతున్నారు,” అన్నాడు.

ఆమెకు కోపం రాలేదు. తప్పు తన దగ్గరుంటే కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ దీన్ని దాచిపెట్టడం కూడా ఇకమీదట తన ఇంటిపనుల్లో ఒకటి కాబోతోందని అర్థమైంది. తిన్నగా ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది. తల్లి చీరలు మడతపెడుతోంది ఆ అమ్మాయి. నిలబడే అంతా చెప్పేసింది. కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండుననీ అనుకుంది.

ఆడపడుచు చేతిలోంచి చీర జారిపోయింది.

“అమ్మ నాకూ ఫోన్ చేసింది వదినా, ఆ పొద్దున్నే. మళ్ళీ మందుల గోలేలే, సాయంత్రం చూద్దామని తియ్యలేదు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అందుకే అంత గట్టిగా ఏడ్చాను. ఎవరూ ఏమీ అడక్కుండా.”

ఒకరినొకరు చూసుకున్నారు. ఓదార్చుకోలేదు. అప్పుడు ఆమె గొంతులోంచి ఒక కేక వచ్చింది. అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకే తెలియదు. ఆడపడుచు ఆమె భుజం పట్టుకుని తనూ గొంతు కలిపింది.

భర్త తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “మెల్లగా! వీధిలోకి వినబడుతోంది.”

“వీధికి వినబడితే ఏమండీ,” అంది ఆమె, “వినాల్సినావిడకే వినబడదు.”