జె వరుస పద్నాలుగో సీటు

ఉదయం ఆట వదిలాక, మ్యాట్నీకి తలుపులు తీసేలోపు ముప్పావు గంట ఖాళీ ఉంటుంది. ఆ ముప్పావు గంటలో సినిమా హాల్లోని రెండు వందల పన్నెండు సీట్లలోనూ ఒక్కసారి కూర్చుని లేవడం, హాలు ఊడ్చి తుడిచే తడిగుడ్డత్త పని. కూర్చోగానే, అంతకుముందు ఆ సీట్లో సినిమా చూసినవాళ్ల అభిప్రాయం వినబడుతుంది. బాగుందన్నవాళ్ల సీటు అలాగే వదిలేస్తుంది. బాగాలేదన్నవాళ్ల సీటుకి వీపు మీద రెండు దెబ్బలు వేసి, తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది. తుడిస్తే పోతుంది. ఇది మేనేజరు పెట్టిన పద్ధతి. తడిగుడ్డతో గొంతులు కోసే మనుషుల గురించి విన్నాం గానీ, ఈయన తడిగుడ్డతోనే సినిమాలు ఆడించాడు.

సీట్ల సంగతి ఊరందరికీ తెలుసు. టికెట్ కొనేటప్పుడు "ముందు ఎవరు కూర్చున్నారండీ?" అని అడగడం మామూలే. నిద్రపోయిన వాళ్ల సీటు దొరికితే అదృష్టం కిందే లెక్క, అందులో ఏ అభిప్రాయమూ ఉండదు.

అప్పుడు ఆడుతున్నది కుటుంబ కథా చిత్రం. లెక్కల మాస్టారు రాసిన నవలని సినిమాగా తీశారు. తల్లీ తండ్రీ పోయాక ఒక అక్క తన ముగ్గురు తోబుట్టువులని పెంచుతుంది. ప్రేమించిన మనిషి బస్టాండుకి వచ్చి తనతో రమ్మంటే, "నాకు ముగ్గురు పిల్లలున్నారు, మీరు వెళ్లండి" అని నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. అక్కడ హాలంతా భోరుమంటుంది. మొదటి రోజు ఏడుపులని తుడవొద్దని మేనేజరు చెప్పాడు. దాంతో రెండో రోజు వచ్చినవాళ్లు పేర్లు పడకముందే ముక్కు చీదడం మొదలుపెట్టారు. మూడో వారానికి సినిమా గురించి ఊరంతటికీ ఒకటే అభిప్రాయం. ఎవరి సొంత అభిప్రాయం ఏదో, ఎవరిది సీటు ఇచ్చిందో చెప్పడం కష్టమైపోయింది.

ఆ అక్క ఎవరో కూడా అందరికీ తెలుసు. లెక్కల మాస్టారి సొంత అక్క, బజారు మూల మీద కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరమ్మ. మాస్టారు ఆ ముగ్గురిలో ఆఖరివాడు. అక్కంటే ప్రాణం, అందుకే రాశాడు. అందులో అనుమానం లేదు.

కానీ టైలరమ్మకి ఆ సినిమా మెడకి చుట్టుకుంది. దిండు గలీబులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలు చెప్పకుండా ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేవారు. "నువ్వు మనిషివి కాదమ్మా, దేవతవి" అనేవారు.

"దేవతని సరే, గలీబు పొడవెంతో చెప్పు" అనేది ఆమె.

ఇదంతా ఎలాగో సర్దుకునేది. సర్దుకోలేనిది మందుల షాపాయన సంగతి. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. నెమ్మదైన మనిషి, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చినట్టే మాటలు కూడా లెక్కపెట్టి ఇస్తాడు. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఆమె బీపీ మాత్రలు కవర్లో వేస్తూ, తలెత్తకుండా, "మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్లి చేసుకుందామండీ" అన్నాడు.

"ఈ యాభై రెండేళ్ల వయసులో ఏమిటండీ, వద్దులెండి" అంది టైలరమ్మ. అనేసి ఇంటికెళ్లి అద్దం చూసుకుంది. ఆయన మళ్లీ అడుగుతాడనుకుంది. ఆయనా అడుగుదామనే అనుకున్నాడు. ఇంతలో సినిమా వచ్చింది. ఆయన ఎఫ్ వరుసలో, ముందురోజు ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వెక్కి వెక్కి ఏడ్చిన సీట్లో కూర్చుని చూశాడు. మర్నాడు నేరుగా కుట్టుమిషన్ దగ్గరికొచ్చి, "ఆ రోజు తప్పుగా మాట్లాడాను. మీలాంటి మనిషిని అలా అడగకూడదు. మనసులో పెట్టుకోకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

టైలరమ్మ ఆ రోజు ఒక చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టింది. ముప్పై ఏళ్లలో అలాంటి పొరపాటు చెయ్యలేదు.

తమ్ముడిచ్చిన ఉచిత పాసులు మూడు వారాలుగా సొరుగులో పడున్నాయి. చూడాలని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడనిపించింది. అందులో ఏముందో, తన బతుకుని అది ఎందుకిలా చేస్తోందో తెలుసుకోవాలనుకుంది. షాపు మూసి ఉదయం ఆటకి వెళ్లింది.

"వదినా, నా సీటు శుభ్రంగా తుడిచిపెట్టు. ఎవరి ఏడుపూ నాకొద్దు" అంది తడిగుడ్డత్తతో.

తడిగుడ్డత్త జె వరుస పద్నాలుగో సీటుని రెండుసార్లు తుడిచింది. టైలరమ్మ సినిమా అంతా చూసింది, ఏడవలేదు. ఆట వదిలాక లేచి వెళ్లి షాపు తెరుచుకుంది.

తడిగుడ్డత్త ఆ రోజు ఎప్పటిలా మొదటి వరుస నుంచి మొదలుపెట్టలేదు. తిన్నగా వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. ఒక్క క్షణం కూర్చోవాల్సింది, పావుగంట కూర్చుండిపోయింది. గుడ్డ చేతిలోనే ఆరిపోయింది.

మేనేజరు తలుపు దగ్గర్నుంచి కేకేశాడు. "జె పద్నాలుగు ఎలా ఉంది?"

"బాగుందంటోంది సార్" అంది తడిగుడ్డత్త. పద్దెనిమిదేళ్ల నౌకరీలో అది ఆమె ఆడిన మొదటి అబద్ధం.

ఆ పైన మిగతా సీట్లని గాలికొదిలేసి, తలనొప్పి మాత్ర వంకతో మందుల షాపుకి పరిగెత్తింది. ఆయన పెళ్లి మాట ఎత్తి వెనక్కి తీసుకున్న సంగతి టైలరమ్మ ఆమెకి ముందే చెప్పుకుంది.

"మీరు మ్యాట్నీకి రావాలి" అంది ఆయనతో.

"చూశానమ్మా. తట్టుకోలేకపోయాను."

"సినిమాని ఎవరు చూడమన్నారండీ? సీటు చెప్తాను, అందులో కూర్చోండి. ఇంకెవరికీ ఇవ్వకుండా కర్చీఫ్ వేసొచ్చాను."

ఆయన షట్టర్ దించాడు.

సీట్లో కూర్చోగానే టైలరమ్మ గొంతు వినబడింది, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత మామూలుగా.

"ఇది నేను కాదు. నేను అక్కడ నవ్వలేదు. త్యాగమూ లేదు, పాడూ లేదు. ఆ రోజు చిన్నాడికి నూటమూడు జ్వరం, వాణ్ణి భుజాన వేసుకుని బస్టాండుకెళ్లాను. వస్తావా అన్నాడాయన. ఇలా వదిలి ఎలా వస్తానన్నాను. సరే అని బస్సెక్కేశాడు. ఇంకొక్కసారి అడిగుంటే ముగ్గుర్నీ వెంటేసుకుని ఎక్కేసేదాన్ని. బస్సులో సీట్లు కూడా ఖాళీగా ఉన్నాయి. ఒక్కసారి వద్దంటే వద్దనేనా? ఈ మగవాళ్లకి రెండోసారి అడగడం ఎవరూ నేర్పరు కాబోలు. నాకు చాలా కష్టంగా ఉంది."

తెర మీద పేర్లు పడుతున్నాయి. చుట్టూ అందరూ అప్పుడే కళ్లు తుడుచుకుంటున్నారు. మందుల షాపాయన లేచి, "కొంచెం దారివ్వండి, దారివ్వండి" అంటూ పదముగ్గురి మోకాళ్లు దాటుకుంటూ బయటపడ్డాడు.

టైలరమ్మ తిరగేసి కుట్టిన చొక్కా చెయ్యి విప్పుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి ఆయాసపడ్డాడు. ఆయనకి ఈసారి మాటలు లెక్కపెట్టుకునే ఓపిక లేకపోయింది.

"నేను మళ్లీ అడుగుతున్నానండీ. మనం పెళ్లి చేసుకుందాం."

ఆమె కత్తెర కింద పెట్టింది. "ఏ సీట్లో కూర్చున్నారు?"

"జె పద్నాలుగు."

టైలరమ్మ మొహం ఎర్రబడింది. చాలాసేపు దారాలు ఏరుకుంది.

"సరేలెండి" అంది చివరికి. "మూడోసారి దాకా ఎందుకు?"

ఆ సాయంత్రమే తడిగుడ్డత్త ద్వారా తమ్ముడికి కబురందింది, సీటు చెప్పిన మాటలతో సహా. వస్తూనే, "బస్టాండులో అసలు జరిగింది నువ్వెప్పుడూ చెప్పలేదేం అక్కా?" అని అడిగాడు. ఆ జ్వరం తనదేనని ఇన్నాళ్లకి తెలిసింది మరి.

"నువ్వెప్పుడు అడిగావురా నాన్నా? తెలిసినట్టే రాసుకుంటూ కూర్చున్నావు" అంది అక్క. ఆ మాటలో కోపం లేదు, అందుకే వాడికి ఎక్కువ తగిలింది.

నోటీసు గడువు నెల తిరిగాక, ఒక సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో మేజా చుట్టూ నలుగురు నిలబడ్డారు. మొదటి సాక్షిగా తడిగుడ్డత్త నిదానంగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. రెండో సాక్షి లెక్కల మాస్టారు. అక్క గురించి ఈసారి సరిగ్గా రాయాలని ఆయనకి చాలా ఉంది. కలం తీసుకుని రిజిస్టర్ మీదకి వంగాడు. పేరు రాసేంతవరకే చోటుంది. పేరు రాసి, కలం అక్కకిచ్చేశాడు.