పోయిరమ్మంటవా

గాలి తాటాకులను రాసుకుంటూ పోతోంది.

గరగర... గరగర... ఎండిన ఆకు మీద ఎండిన ఆకు.

వీర్నపల్లి అవతల, గుట్టల కింద ఆ పల్లె. ఎండలు ముదిరితే తాటివనం పొద్దంతా అట్లాగే గొణుగుతుంది. నీల పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ చూస్తుంది... అవ్వ గడపలో కూర్చుని ఆ గొణుగుడు వింటూనే ఉంటుంది. పని చేస్తూ వింటుంది, తింటూ వింటుంది.

అందులో అడుగుల చప్పుడు వెతుక్కుంటుంది నీల తల్లి ఎల్లవ్వ.

మెత్తటి అడుగులైతే కొడుకు. బూట్లైతే పోలీసులు.

బూట్లే ఎక్కువ వచ్చాయి.

నీల తమ్ముడు యాదగిరి అన్నల్లో కలిసి అడవి పట్టి ఏళ్ళయింది. ఎక్కడ బస్సు తగలబడినా, ఎక్కడ దొర గడి కూలినా, ఎల్లవ్వను తీసుకుపోయి ఎండలో కూర్చోబెట్టేవారు. కొడుకేడి? తెల్వదు సారూ. కొడుకేడి? తెల్వదు. పొద్దుగూకితే వదిలేసేవారు. ముసలిదాన్ని కొట్టలేదు కదా అని ఊరు పోలీసులను మెచ్చుకునేది. మన మెచ్చుకోళ్ళు అంతవరకు దిగజారిన రోజులవి.

ఆ ఎండలకు అవ్వ కళ్ళు మసకబారాయి. మాట మాత్రం మారలేదు.

నీల కోరుట్లలో బీడీలు చుడుతుంది. ఒడిలో చేట, చేటలో ఆకు, తంబాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మనసు మాత్రం అవ్వ దగ్గరే. ఒక్క నెల... ఒక్క నెలైనా అవ్వను బూట్ల చప్పుడు వినపడని చోటికి తీసుకుపోవాలి. అవ్వ నిద్రపోతుంటే పక్కన కూర్చుని చూడాలి. నీలకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

జగిత్యాల టవర్ దగ్గర నుంచి యాత్ర బస్సు బయల్దేరుతుందని తెలిసింది. కాశీ, ప్రయాగ, గయ. వంటవాడూ, గిన్నెలూ బస్సులోనే. నీల రెండు సీట్లు పట్టింది. కిటికీ పక్కది అవ్వకు.

చెబితే అవ్వ చిన్నపిల్లలా నవ్వింది.

"గంగ మన మానేరంత ఉంటదానే?"

"ఇంకా పెద్దగుంటదే అవ్వా."

"అట్లయితె మునిగెటప్పుడు నా కొంగు ఇడువకు."

ఇద్దరూ కూర్చుని మక్కపేలాలు వేయించారు. మామిడి తొక్కు జాడీకి గుడ్డ కట్టారు. సిరిసిల్ల నుంచి తెచ్చిన నేతచీరను అవ్వ మడత విప్పి, చెంపకు ఆనించుకుని, మళ్ళీ మడత పెట్టింది. ఆ ఇంట్లో అంత మాట, అంత నవ్వు విని ఎన్నాళ్ళో అయింది.  

కానీ కాశీకి పోవాలంటే టికెట్ ఒక్కటే చాలదు. ఊరు సెలవియ్యాలి.

పోయేవాళ్ళు ఇంటింటి గడప ముందు నిలబడాలి. తప్పులు మన్నించమని అడగాలి. ఆ ఇంటివాళ్ళు నోరు తెరిచి 'పోయిరా' అనాలి. తలూపితే చెల్లదు. ఒక్కరు మిగిలినా గంగ తనలో మునగనియ్యదని ఎల్లవ్వ నమ్మకం. దేవుడి దగ్గరికి పోవడానికి కూడా ఇందరిని అడుక్కోవాలి మరి... అదీ మన వైభోగం.

ఎల్లవ్వ కట్టె పట్టుకుని బయల్దేరింది. వెనకే నీల.

"కాశికి పోతున్న. అస్తనో, రానో. తప్పులేమన్న ఉంటె కడుపుల పెట్టుకోండ్రి. పోయిరమ్మంటరా?"

పోయిరా ఎల్లవ్వా. పోయిరా వదినే. పోయిరా అత్తా.

గడప గడపకూ ఆ మాట. పసుపు పెట్టినవాళ్ళు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు, పాత పొలంగట్టు తగాదా తలచుకుని సిగ్గుపడ్డవాళ్ళు. అవ్వ నడుం నిటారుగా అవుతున్నట్టు అనిపించింది నీలకు.

చివరికి పటేల్ ఇల్లు. పటేల్ ఊరొదిలి పారిపోయాడు. ఇప్పుడు అందులో పోలీసుల క్యాంపు.

"అది వద్దే అవ్వా."

"ఇల్లు ఇల్లే. ఉన్నోళ్ళు మనుషులే."

ఎస్సై బయటికి వచ్చాడు. మంచివాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసే నీల అవ్వ కొంగు పట్టుకుంది. అవ్వ మాత్రం అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగింది. తనను ఎండలో కూర్చోబెట్టినవాణ్ణి, తప్పులుంటే కడుపులో పెట్టుకొమ్మంది.

"పోయిరా అవ్వా. నా పేరు మీద కూడ ఒక మునుగు మునుగు," అన్నాడు అతను. ఆ తర్వాత, ఏదో ఊరికే అడిగినట్టు, "ఊరంత సెలవిచ్చినట్టేనా?"

సెలవడిగే నోటితో అబద్ధం ఆడకూడదు. ఎల్లవ్వ ఆడలేదు.

"ఇంకొక్కడున్నడు సారూ."

గాలి ఆగింది. కాదు, నీలకు వినపడడం ఆగింది.

ఎస్సై నవ్వుతూనే లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే జీపులు దుమ్ము లేపుకుంటూ సిరిసిల్ల దారి పట్టాయి. పటేల్ ఇంటికి తాళం పడింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. క్యాంపు ఎత్తేసిన్రట... పీడ పోయింది... ఒకరికొకరు చెప్పుకుని సంబరపడ్డారు. నీల కూడా సంబరపడింది. భయం ఎక్కువైనవాళ్ళకు నమ్మకం కూడా తొందరగానే కుదురుతుంది.

బస్సు దినం దగ్గరపడింది. అవ్వ మూట ముడి వేయలేదు.

"నీ తమ్మునికి చెప్పకుంట నేను కాలు బయట వెట్టను బిడ్డా. నువ్వు పో."

నీల బతిమాలింది. ఏడ్చింది. కోపంతో పేలాల డబ్బా విసిరికొట్టింది. అవ్వ ఒక్కో పేలమూ ఏరి డబ్బాలో వేసింది.

అప్పుడు నీల తాటివనంలోకి పోయింది. లచ్చయ్య చెట్టు దిగే దాకా కింద నిలబడింది. లచ్చయ్య కల్లు గీస్తాడు. కల్లు తాగడానికి వచ్చినవాళ్ళలో ఎవరు ఎవరో అడగడు, అందుకే అడవిలో ఉన్నవాళ్ళకు అతని మీద గురి.

"అవ్వ కాశికి పోతున్నది మామా. ఆడు ఒక్కపారి వచ్చి పోయిరా అంటె సాలు."

లచ్చయ్య వనం దిక్కూ, తాళం పడ్డ ఇంటి దిక్కూ చూశాడు. సరే అన్నాడు.

ఆ మాట పంపింది నీలే. ఇంకెవరూ కాదు.

యాదగిరి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఊరంతా నీడన చేరే వేళ అయితే క్షేమం అనుకుని ఉంటాడు. అవ్వ కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది. వనంలో గరగరల మధ్య మెత్తటి అడుగు... అవ్వ ముఖం వెలిగింది. కొడుకు అడుగును ఆమె పోల్చుకుంది.

జీపులు పోయాయి గానీ, పోలీసులు అడవి దారిన వెనక్కి నడిచి వచ్చి వనంలోనే మాటువేసి ఉన్నారు.

తుపాకులు మోగాయి. కొంగలు లేచాయి. మళ్ళీ గరగర.

పటేల్ ఇంటి తాళం తీశారు. వాకిట్లో తాటాకుల మీద యాదగిరిని పడుకోబెట్టారు. కడుపు మీద గోనెసంచి కప్పారు. సంచి నల్లగా తడిసింది.

"నీ కొడుకేనా?" అడిగాడు ఎస్సై.

 ఎల్లవ్వ కట్టె పక్కన పెట్టింది. మెల్లగా కూర్చుంది. కొడుకు ముఖం మీది మట్టిని కొత్త చీర కొంగుతో తుడిచింది. ఏడుస్తుందని నీల పట్టుకోబోయింది.

అవ్వ ఏడవలేదు.

"కాశికి పోతున్న కొడుకా. అస్తనో, రానో. తప్పులేమన్న ఉంటె కడుపుల పెట్టుకో. పోయిరమ్మంటవా?"

అడిగి, ఊరుకుంది. ప్రతి గడపలో ఊరుకున్నట్టే, జవాబు కోసం.

ఈగలు వాలాయి. ఒక కానిస్టేబుల్ తల పక్కకు తిప్పుకున్నాడు. గాలి తాటాకులను రాసుకుంటూ పోయింది... ఒక్కసారి... ఇంకోసారి... నీలకు అరవాలనిపించింది. తమ్ముడి భుజాలు పట్టి కుదిపి, ఒక్క మాట అనరా అని అడగాలనిపించింది. కబురు పంపింది తనే కదా అని తన నోరు తానే మూసుకుంది.

ఎస్సై గడియారం చూసుకున్నాడు. చీకటి పడక ముందే శవాన్ని సిరిసిల్ల చేర్చాలి.

"పోయిరా అవ్వా," అన్నాడు. మెత్తగానే అన్నాడు. "పోయిరా."

ఎల్లవ్వ అతని దిక్కు చూడలేదు. కొడుకు చెవి దగ్గరికి ఇంకాస్త వంగింది. వినపడలేదేమో అన్నట్టు, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

"కాశికి పోతున్న కొడుకా..."