అద్దం గది

"గదిలో సామాను ఉండగానే గోడ లోపలికి జరిపి గది చిన్నది చెయ్యాలంటే, ముందేం చెయ్యాలిరా?" రాహేలమ్మ మనవడు సైమన్‌నీ మనవరాలు అశ్వితనీ అడిగింది. మోచేతి దాకా కారం పులుముకుని ఆవకాయ కలుపుతోంది. ఏటా ఒకే ఆవకాయని రెండు జాడీల్లో పెడుతుంది. ఒకటి నిండింది, రెండోది ఖాళీగా ఉంది.

"గోడ జరపాల అవ్వా," అన్నాడు సైమన్, తడుముకోకుండా.

"నీకు ఆత్మకూరులో మేనేజరు ఉద్యోగం ఖాయం," అంది రాహేలమ్మ. బడిలో పంతులమ్మగా చేసిన మనిషి, తప్పు జవాబుని కూడా ఊరికే వదలదు.

ఆ మేనేజరు పేరు పెంచలప్రసాద్. ఆత్మకూరు బస్టాండు వెనక స్కానింగు సెంటరు యజమానికి బామ్మర్ది. అదే ఆయన చదువు, అదే అనుభవం. స్కానులన్నీ దాచే అక్కడి సర్వరు పిల్లల అమ్మ జెస్సీ చేతిలో ఉంటుంది. ఉదయగిరి బ్రాంచి కూడా దాని మీదే నడుస్తుంది గనక దాన్ని ఆపడమనేది లేదు. ఏం చేసినా నడుస్తుండగానే చెయ్యాలి.

ఆ సర్వరు డిస్కులో ఏ మార్పు చేస్తే ఆ భవనంలో అదే మార్పు జరుగుతుంది. స్కానులకి జాగా పెంచితే స్కానుల గది పెరుగుతుంది. ముందే చెబితే పెద్ద చీపురు తెచ్చుకునేవాణ్ణి గదా అని ఊడ్చే శీనయ్య సణుగుతాడు, అంతే. డిస్కుకి మిర్రర్ ఉంది. ఇక్కడ రాసిందల్లా జంట డిస్కులోనూ అప్పుడే రాసుకుంటుంది. అందుకని భవనం వెనక అచ్చం అలాంటిదే అద్దం గది ఒకటి ఉంటుంది, సీట్లలో మనుషులతో సహా. ఇక్కడి కుండలో నీళ్లు ముంచితే అక్కడి కుండలోనూ తగ్గుతాయి.

పెంచలప్రసాద్‌ని సీట్లో చూసినవాళ్లు తక్కువ. టీ బంకు దగ్గర చూడొచ్చు, బిర్యానీ పాయింటు దగ్గర చూడొచ్చు. అయినా తన క్యాబిన్ ఇరుగ్గా ఉందని ఏడుపు.

"ఒకే కుర్చీ రెండు చోట్ల ఏంది దండగ? ఆ అద్దం గది పీకి నా క్యాబిన్‌లో కలుపు. సోఫా పట్టాల," అన్నాడు ఒకరోజు పొద్దున.

జంట పోతే, రేపు దీనికేమన్నా అయినప్పుడు తిరిగి తెచ్చుకునేదానికి ఏమీ ఉండదని జెస్సీ నిదానంగా చెప్పింది.

"పాఠాలు మీయమ్మతో చెప్పుకో. రేపట్నించి నువ్వు ఉదయగిరిలో టోకెన్లు చించు," అని చెప్పి బిర్యానీకి పోయినాడు.

టోకెన్ల మనిషికి సర్వరు తాళం ఇవ్వరు. ఏళ్లుగా నేర్చుకున్న పని అంతటితో సరి. జెస్సీ కళ్లు తుడుచుకుంది. ఉదయగిరిలో ఉన్న డిస్కుని లైను మీదుగా ఇంకో మిర్రర్‌గా కలిపింది. నకలు పూర్తవగానే, ఇక్కడి మార్పులు దానికి అంటకుండా విడదీసి పెట్టింది. ఉదయగిరి కౌంటరు వెనక ఒక గది లేచింది. స్కానుల అలమరాలు, కుండ, యజమాని, డాక్టరు, చీపురుతో శీనయ్య, అందరూ వచ్చినారు. మేనేజరు సీటొక్కటే ఖాళీ, అదెప్పుడూ ఖాళీయే.

పెంచలప్రసాద్ పళ్లు కుట్టుకుంటూ వచ్చి, వద్దంటున్నా వినకుండా జంట పీకేసినాడు. క్యాబిన్ కల్యాణ మండపమంత అయింది. అదీ చాల్లేదు. స్కానుల గది గోడ కూడా లోపలికి నెట్టేసినాడు.

"పెంచేటప్పుడు ముందు గోడ, తర్వాత అలమరాలు," అంది రాహేలమ్మ. "తగ్గించేటప్పుడు ముందు అలమరాలు దగ్గరికి సర్దాల, ఆ తర్వాతే గోడ. అర్థమయిందా మేనేజరూ?"

సైమన్ తల దించుకున్నాడు.

అలమరాలు అప్పడాల్లా నలిగినాయి. మర్రిపాడు లారీ డ్రైవరు మస్తానయ్య తల స్కాను, డాక్టరు చూస్తుండగానే తెర మీంచి పోయింది. జెస్సీ ఎవరినీ అడక్కుండా ఉదయగిరి నకలుని వెనక్కి తెచ్చింది. గోడలు పాత చోటికి జరిగినాయి. అలమరాలు నిటారుగా నిలబడ్డాయి. మస్తానయ్య తల తెర మీదికొచ్చింది. నకలు తీసినప్పుడు ఎవరెక్కడుంటే వాళ్లక్కడే పనిలో ఉన్నారు.

పెంచలప్రసాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"టోకెను తీసుకున్నావా అయ్యా?" అన్నాడు యజమాని.

"బావా, నేను."

"అందరూ బావా అనేవాళ్లే. వరసలో కూర్చో."

శీనయ్య ఆయన్ని కాళ్లెత్తమని, కింద ఊడ్చినాడు. జెస్సీని ఉదయగిరికి పొమ్మన్న మాట అక్కడెవరికీ తెలీదు. అన్న మనిషే ఆ నకల్లో లేడు.

"ఇంకా అక్కడే కూర్చునున్నాడా? ఆయన్ని మళ్లా తేలేమా అవ్వా?" అంది అశ్విత, జాలిగా.

"ఏడ్నించి తెస్తావే? ఉండే జంట తనే పీకేసె." రాహేలమ్మ బేసిన్‌లోకి చూసింది. ముక్కలు ఇంకా సగం ఉన్నాయి. మోకాళ్ల మీద చేతులాన్చుకుని లేచి, రెండో జాడీ తుడిచేదానికి వంటింట్లోకి పోయింది.