కడలి ఆవు పడిన వల

అఖాతం నోటి దగ్గర చేపలు పట్టే లోతు షొమారీ కుటుంబానిదని ఊరంతా ఒప్పుకున్న మాటే. తండ్రి కాలం నుంచీ అక్కడ సొరచేపల కోసం, సముద్రం అడుగున నిలిచే పెద్ద కన్నుల అడుగు వల వేస్తున్నారు. సాయంత్రం దింపడం, తెల్లవారాక తోడుకోవడం. అలాంటిది, రేవు సంఘంలో ఉన్న సొంత చెల్లెలు కిదావా నలుగురిలో లేచి, సముద్రపు గడ్డి పెరిగే చోట అడుగు వలలు ఇక వద్దనేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది.

"సముద్రానికి తలుపులు పెట్టిస్తావా చెల్లీ? తాళంచెవి నీ కొంగున కట్టుకుంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

కిదావా నవ్వలేదు. "మన చిన్నప్పుడు కడలి ఆవులు గుంపులుగా మేసేవి అన్నయ్యా. నీ పిల్లలు ఒక్కదాన్నయినా చూశారా?" అంది.

గడ్డి పెరిగే ఇసుక మేట మీద అడుగు వలలు కూడవని సంఘం తీర్మానించింది. మేట అంచునున్న షొమారీ లోతును మాత్రం, అతనితో గొడవెందుకని వదిలేసింది. ఆ పూట కొబ్బరిపాల చేపల కూర తింటూ, గెలిచింది నేనేనని పెళ్ళాంతో చెప్పుకున్నాడు.

దక్షిణపు గాలి మొదలైన కొత్తలో, ఒక తెల్లవారుజామున నమాజు ముగించుకుని, చిన్ననాటి నుంచీ ఒకే పడవలో తిరుగుతున్న అథుమానీతో కలిసి వల తోడడానికి వెళ్ళాడు. వల బరువుగా ఉంది. పెద్ద సొర పడిందనుకుని హుషారుగా లాగారు. పైకి వచ్చింది బూడిద రంగు వీపు, మెత్తటి మూతి, వల చుట్టుకుపోయిన రెండు రెక్కలు. కడలి ఆవు. ఊపిరి కోసం పైకి రావలసిన జీవాన్ని వల అడుగునే పట్టి ఉంచి ఊపిరాడకుండా చంపేసింది. రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయి.

దాని పిల్లను అథుమానీయే ముందు చూశాడు. అది పడవ చుట్టూ తిరుగుతోంది.

"రాయి కట్టి వదిలేద్దాం," అన్నాడతను మెల్లగా. "ఎవరు చూశారు గనక? ఇది బయటపడితే ఈ లోతు కూడా పోద్ది. నా ఇల్లు గడిచేది దీని మీదేరా."

"పిల్ల చూస్తోందిరా," అన్నాడు షొమారీ.

తల్లిని పడవకు కట్టి రేవుకు తెచ్చాడు. దారి పొడుగునా పిల్ల వెంట వచ్చింది, తల్లి పక్కలో మూతితో పొడుస్తూ, పాలు వెతుక్కుంటూ. ఒడ్డున జనం మూగారు. పూర్వం లాగా మాంసం పంచుకుందామని కొందరు కత్తులూ బేసిన్లూ తెచ్చారు. షొమారీ అడ్డంగా నిలబడ్డాడు. ఇంతలో కిదావా వచ్చింది. అప్పటి ఎగతాళికి ఇప్పుడు బదులు తీర్చుకుంటుందనుకున్నాడు. ఆమె అతనివైపు చూడనైనా చూడకుండా, కట్టుబట్టలతోనే నీళ్ళలోకి దిగి పిల్లను పొదివి పట్టుకుంది.

మేకపాలు పట్టి చూశారు, మింగలేదు. షొమారీ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి గడ్డి పీకి నోటికి అందించాడు. అది గడ్డి వదిలేసి, తల్లిని కట్టిన చోట పడవ చెక్కను చీకడం మొదలుపెట్టింది. అది చూడలేక కిదావా ముఖం తిప్పుకుంది. ఆ వారం దాటకుండానే పిల్ల చచ్చిపోయింది. తల్లిని పూడ్చిన చోటే, సరుగుడు చెట్ల కింద, దాన్నీ పూడ్చారు.

తర్వాతి సమావేశంలో షొమారీ లేచి, తన లోతు కూడా మూసేయమన్నాడు.

అథుమానీ వెనకనుంచి అన్నాడు: "నీ గుండె బరువు దించుకోడానికి నా పిల్లల నోటికాడ కూడు లాగుతావా?"

అందులో అబద్ధం లేదు. షొమారీకి గాలాలూ, కొబ్బరి చెట్లూ ఉన్నాయి. అథుమానీకి ఆ వలలో వాటా తప్ప మరో ఆధారం లేదు. సంఘం లోతును మూసింది. అథుమానీ తన వాటా వల కోసుకుని, భార్యాపిల్లలతో ఉత్తరాన దీవులకు బయలుదేరాడు. సామాను ఎక్కించడానికి షొమారీ రేవుకు వెళ్ళి తాడు అందుకోబోతే, అథుమానీ తాడును చేతిలోంచి లాక్కున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది షొమారీకి.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. మేట మీద గడ్డి ఒత్తుగా పెరిగింది. అందులో పిల్ల చేపలు చేరాయి, చేపలు పట్టడానికి కిదావా నీళ్ళలో పెట్టే వెదురు బుట్టలు నిండుతున్నాయి, ఊరికి తిండికి లోటు లేదు. దీవుల నుంచి అథుమానీ మళ్ళీ రాలేదు. కడలి ఆవు కూడా ఎవరి కంటా పడలేదు.

షొమారీ రోజూ గాలం పేరుతో సముద్రం మీదికి వెళతాడు. చాలాసార్లు గాలం వేయకుండానే తిరిగొస్తాడు.

"ఏమైనా కనబడిందా అన్నయ్యా?" అని కిదావా అడుగుతుంది.

"నీళ్ళు కలకగా ఉన్నాయి," అంటాడు. "రేపు దక్షిణంగా వెళ్ళి చూస్తా."

అటువైపు గడ్డి లేదని, గడ్డి లేనిచోటికి కడలి ఆవు రాదని ఇద్దరికీ తెలుసు.