మ్యాపుతో సహా

కత్తులు పట్టుకున్న మూకలు ఇళ్ల మీద పడి జనాన్ని నరుకుతున్నాయి. నగర కంట్రోల్ రూములో సోషల్ మీడియా పేజీ చూసేది నేనే.

"వరదలప్పుడు పెట్టినట్టే పెట్టమ్మా, మ్యాపుతో సహా," అన్నాడు ఆఫీసరు.

"మార్కెట్ వెనక బడిలో తలదాచుకోండి" అని పెట్టాను. పది నిమిషాల్లో నాలుగు వేల షేర్లు వచ్చాయి.

అంతలో అదే బడిలో దాక్కున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, గేటు విరగ్గొట్టేశారు! ముందున్నవాడు ఫోన్లో నీ మ్యాపే చూసుకుంటూ వస్తున్నాడు!"

తర్వాత తమ్ముడి కేక ఒక్కటే వినిపించింది. పోస్టు తీసేశాను.

"అంత బాగా జనంలోకి వెళ్తుంటే తీసేశావేం?" అన్నాడు ఆఫీసరు.

కీబోర్డు ఊడబెరికి ఆయన మొహం పగిలేదాకా బాదాను.

"నీళ్లకి చదవడం రాదురా! వాళ్లకొచ్చు!"