యాభై నాలుగు మెట్లు

అడ్డాకు మీద అడ్డాకు వేసి వెదురు పుల్లతో గుచ్చి, మిగిలిన పుల్లను దవడ పళ్లతో విరిచింది లక్ష్మణమ్మ. ముందుపళ్లు ఊడిపోయాక అలా అలవాటైంది. గజపతినగరం సంతలో కొన్న ఆకు నిన్న మోసుకొచ్చింది. ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి వంద విస్తళ్లు కుట్టాలి. నలభై ఏళ్లుగా ఇదే పని. చూపుడువేలి కొస చెప్పు అట్టలా గట్టిపడిపోయింది.

మంచం మీద ఆమె భర్త సోములు దగ్గాడు. జూట్ మిల్లులో పనిచేసిన రోజుల్లో మగ్గాల హోరును మించి వినిపించేది అతని గొంతు. పక్షవాతం కుడిచెయ్యినీ కుడికాలినీ తీసుకుపోయింది. మాట మిగిలింది, అదీ ముద్దగా. లాటరీలో ప్రభుత్వం ఇచ్చిన ఇల్లు మూడో అంతస్తులో వచ్చింది. లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నలుగురు మోసి ఎక్కించారు. మలుపు దగ్గర కుర్చీ ఒరిగి అతని భుజం గోడకు కొట్టుకుంది. పద్నాలుగు నెలలైంది, మళ్లీ దిగలేదు. దించితే మళ్లీ ఎక్కించాలి. అందుకని లక్ష్మణమ్మ ఎవరినీ అడగలేదు.

అతనికి గంజి తాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, హౌసింగ్ ఆఫీసుకు బయల్దేరింది.

కిటికీ అవతల గుమస్తా కాగితం తిరగేశాడు. “కింద ఇల్లు కావాలంటే వికలాంగుల సర్టిఫికెట్ ఉండాలి మామ్మా.”

“దానికోసం ఆస్పత్రికెళ్తే మనిషిని తెమ్మంతన్నారు బాబూ.”

“తీసుకెళ్లాలి మరి.”

“మెట్లు దిగలేడనే కదా నానడగతన్నాను. దిగగలిగితే కిందిల్లెందుకు?”

గుమస్తా చెడ్డవాడేమీ కాదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. “రూలు అలా ఉంది మామ్మా,” అని రసీదు మీద ముద్ర వేసి ఇచ్చాడు. అది ఏడో రసీదు.

తిరిగి వచ్చి మొదటి మెట్టు మీద కూలబడింది. మామూలుగా మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కేది. ఈరోజు మొదటి మలుపుదాకా కూడా పోలేదు.

కింది ఇంట్లో మిషను చప్పుడు ఆగింది. జాకెట్లు కుట్టే అనూరాధ మంచినీళ్ల చెంబుతో వచ్చింది.

“ఏటన్నారు పిన్నీ?”

“ఏటంతారు. మనిషిని తెమ్మన్నారు.”

అనూరాధ మెట్లవైపు చూసింది, తన గుమ్మంవైపు చూసింది. లోపలికి వెళ్లి భర్త కొండబాబుతో ఏదో మాట్లాడింది. వచ్చి పక్కన కూర్చుంది.

“మా ఇంట్లోకి మీరొచ్చీండి పిన్నీ. పైకి మేం పోతాం.”

“ఒసే, నీకు మతిపోనాదేటే? కాయితాల్లో పేర్లు మారకుండా ఇళ్లు మారితే ఇద్దరికీ ఇల్లు లేకుండా లాగీసుకుంతారు. నీ దగ్గరికొచ్చే ఆడోళ్లు యాభై నాలుగు మెట్లెక్కుతారా?”

“మిషను ఈ మెట్ల కిందే ఎట్టుకుంతాను. ఎందుకు మారామో ఇద్దరం రాసి, సంతకాలెట్టి, రేపే ఆపీసులో ఇచ్చీద్దాం. రసీదు తీసుకుందాం. బుదవారం ఆస్పత్రిలో కేంపు ఉన్నాది. కిందుంటే బాబాయిని ఈయన ఆటోలో ఎక్కించడం ఎంతసేపు? ఆ సర్టిపికెట్టు సేతికొస్తే పేర్లు మార్సకుండా ఎలాగుంతారో సూద్దాం.”

లక్ష్మణమ్మ నీళ్లు తాగి, ఖాళీ చెంబును రెండు చేతులతో అనూరాధకు అందించింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, ఎప్పటికన్నా తక్కువసార్లు ఆగి, పైకి వెళ్లింది.

విషయమంతా విని సోములు అన్నాడు, “ఆ పిల్లకి... కష్టం కదే.”

“సెప్పాను. ఇనదు.”

సాయంత్రం కొండబాబు ఆటో స్టాండు నుంచి ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. సోములును కుర్చీలో కూర్చోబెట్టి పాత నేతచీరతో నడుముకు కట్టారు. లక్ష్మణమ్మ అతని భుజానికీ గోడకీ మధ్య తన చెయ్యి అడ్డుపెట్టి, ఒక్కో మెట్టూ దిగింది. మలుపు మలుపుకీ ఆగారు. కుర్చీ ఒరగలేదు.

కిందికి వచ్చాక ఇంట్లోకి తిప్పబోతుంటే సోములు ఎడమచెయ్యి ఎత్తాడు.

“ఆగండ్రా. కాసేపు... ఈడే.”

వాకిట్లోనే దించారు. దారిన పోతున్న ఎవరో సైకిలు ఆపి, “సోములు మావా! ఎన్నాళ్లకి!” అన్నారు. వీధిదీపాలు వెలిగేదాకా అతను కదలనివ్వలేదు. లక్ష్మణమ్మ పక్కనే చాప పరిచి విస్తళ్లు కుట్టుకుంది.

చివరి మూట పైకి చేర్చి, ఖాళీ అయిన గదిని ఊడవడానికి అనూరాధ చీపురు అందుకుంది. అప్పుడు కనిపించింది, కిటికీ ఊచకు తీగతో ఏటవాలుగా కట్టిన అరచేయంత అద్దం. ఎందుకో అర్థంకాక, సోములు మంచం ఉన్నచోట నేలమీద కూర్చుని తలెత్తి చూసింది. అద్దంలో మలుపు తిరిగే రోడ్డు, ఆటో స్టాండు, పైన కాస్త ఆకాశం.