రెండో బిళ్ళ

పోశం ఇంట్ల కెమెరా డబ్బాకు జరిగిన మర్యాద పోశం అల్లునికి గూడ జరుగలే. దసరా పొద్దున దానికి పసుపు రాసిండ్రు, కుంకుమబొట్టు పెట్టిండ్రు, బంతిపూల దండేసిండ్రు. టీవీ పక్కన, రాజన్న దేవుని పటం కింద, అద్దాల షోకేసుల దాని సింహాసనం. ముప్పయ్యేండ్లు బొగ్గుబాయి ల్యాంపురూంల పనిచేసి దిగిపోయిన మనిషికి మిషిన్ అంటే ఇంటి మనిషే. బాయికాడ దసరాకు టోపీలైటు నుంచి పెద్ద మోటరు దాక దండ పడని వస్తువు ఉండదు. ఇంట్ల డబ్బాను ఉత్తగ ఎట్ల ఉంచుతడు?

డబ్బా అసలు పేరు డీవీఆర్. వాకిట్ల కెమెరా చూసేదంతా అది దాసిపెట్టుకుంటది. పోశం నోట్ల పడ్డంక అది 'దీవార్' అయింది. "గోడల కాడి లొల్లికి కొన్నది గదా, గోడ పేరే బాగుంటది" అన్నడు. ఆయన నోరు అసొంటిది. మాట లోపలికి ఒక్కటే పోతది, బయటికి కవలలు పుడుతయి.

లొల్లి ఏందంటే, గోదావరిఖని దాటినంక మంథని రోడ్డు మీద రిటైరైన బాయి కార్మికులు పదకొండుమంది ఇండ్లు కట్టుకున్న గల్లీ ఉన్నది. పన్నెండు ఫీట్ల వెడల్పు. గల్లీ మొగదల ఒక పక్క పోశం ఇల్లు, ఎదురుంగ భానుప్రసాద్ కొత్తగ కడుతున్న ఫంక్షన్ హాలు. హాలు పెద్దగయింది, కార్లు పెట్టే జాగ చిన్నగయింది. మూల మీది హద్దురాయి మూడు ఫీట్లు గల్లీలకు జరిగితే చాలు, భానుప్రసాద్ పని జరిగినట్టే. కని గప్పుడు నూటెనిమిది బండి లోపలికి రాదు. పదకొండు ఇండ్లల్ల తొమ్మిదింట్ల బొగ్గుదుమ్ము మింగిన రొమ్ములే, దగ్గే వాళ్ళకు గడియారం. "బాయికన్న రెండు దార్లుంటయి, ఒకటి మూసుకపోతె ఇంకోదాంట్లకెళ్ళి ఎక్కొస్తం. గీ గల్లీకి ఉన్నది ఒక్కటే" అని పోశం కొట్లాటకు దిగిండు. అందుకే కెమెరా. అందుకే దీవార్.

ఆ దసరా సాయంత్రమే అందరూ జమ్మి పట్టుకొని ఇంటింటికి తిరుగుతుండ్రు. పగోడైనా సరే, జమ్మి ఆకు చేతుల పెట్టి "బంగారం" అన్నడంటె అలాయ్ బలాయ్ ఇచ్చుకోవాల్సిందే. భానుప్రసాద్ వచ్చిండు. జమ్మి పెట్టిండు, రొమ్ముకు రొమ్ము తాకించిండు, పోశం భుజం మీదికెళ్ళి షోకేసు దిక్కు చూసిండు.

"ఏందన్నా గది? దండేసినవ్?"

పోశం పొంగిపోయిండు. "గిదే తమ్మీ దీవార్! గల్లీల చీమ తుమ్మినా దీంట్ల పడుతది."

"అంతా గీ ఒక్క డబ్బాలనేనా?"

"ఒక్కదాంట్లనే! ఇది లేకుంటె బయటి కెమెరా ఉత్త గుడ్డికన్ను."

ప్లగ్గు ఎక్కడున్నదో గూడ చూపించిండు. పోశం భార్య మల్లక్క గారెల పళ్ళెం తెచ్చుకుంట వచ్చి మొగని కాలు తొక్కింది. తొక్కినా ఆగలే.

ఎనిమిదోనాడు మొగడు పెండ్లాం కంపెనీ దవాఖానకు బీపీ గోలీలకు పోయి మధ్యాహ్నం వచ్చేవరకు తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతుంది. షోకేసుల దండ ఉన్నది, దేవుడు లేడు. బయట హద్దురాయి గల్లీల నిలబడ్డది, పుట్టి పెరిగింది అక్కడనే అన్నట్టు.

ఠాణాకు పోతె "ఫుటేజ్ ఉన్నదా?" అని అడిగిండ్రు.

"ఫుటేజ్ పోయింది సారూ. దాంతోని మూడు ఫుట్లు గూడ పోయినయ్" అన్నడు పోశం.

ఠాణాల ఎవ్వరూ నవ్వలే. నవ్వినోడు ఒక్కడే, భానుప్రసాద్. వీళ్ళు గల్లీకి మళ్ళొచ్చేవరకు హాలు మెట్ల మీద కూసొని, "రాయి మొదట్నుంచి గక్కడనే ఉన్నది పోశమన్నా. కాదంటె రికార్డు చూపియ్యి" అన్నడు.

పోశం ఇంట్లకు పోయి గడ్డపార పట్టుకొచ్చిండు. అరవై మూడేండ్ల మనిషి, బనీను మీద. రాయిని పెకిలించి, దొర్లించుకుంట తీసుకపోయి పాత గుంతల నిలబెట్టి, చుట్టూ మన్ను తొక్కి, ఎగపోసుకుంట అరిచిండు.

"డబ్బా ఎత్తుకపోయి రికార్డు బద్దలు కొట్టిన్నని ఖుషీ కాకురా! హద్దు మీరినోన్ని హద్దుల పెట్టేదాక నేను చావ!"

"చావకు, ఉండు" అన్నడు భానుప్రసాద్. "సర్వే పెట్టిస్త. పై సోమారం సర్వేయర్ మేడం వస్తది. రాయి ఏడుంటె ఆడికెళ్ళే టేపు పడుతది."

గల్లీకి అర్థమైంది. సోమారం లోపల రాయికి మళ్ళ కాళ్ళొస్తయి. అది నడిచినప్పుడు చూసినట్టు సాక్ష్యం లేకపోతె దారి పోయినట్టే.

ఖని చౌరస్తా కాడ నవీనది కెమెరాల దుకాణం. అమ్ముడు ఆమెనే, నిచ్చెనెక్కి బిగించుడు ఆమెనే. పోశం చెప్పిందంతా విని నెత్తి గోక్కున్నది.

"కాకా, దొంగ ముందుగాల డబ్బానే పట్టుకపోతడు. అందుకే ఇంకో తావుల రెండో రికార్డు ఉండాలె. బ్యాకప్పు అంటరు."

"వెనుక కప్పు సంగతి తర్వాత బిడ్డా, నా ఇంటికి ముందు కప్పే కారుతుంది."

"జర ఆమెను చెప్పనియ్యరాదయ్యా!" అని మల్లక్క మోచేత్తోని పొడిచింది.

"ఒకటేందంటె, నెట్టు మీదికెళ్ళి దూరంగ కంపెనోళ్ళ కంప్యూటర్లల్ల దాసుకోవచ్చు. క్లౌడ్ అంటరు."

"మబ్బుల పెట్టింది ఎప్పటికో ఒకనాడు కారుతది" అన్నడు పోశం.

మల్లక్కకు అసలు సంగతి తట్టింది. "మా గల్లీకి నెట్టు తీగ ఏసింది భానుప్రసాద్ తమ్ముడే గదా. వాడు తీగ గుంజితె?"

"సిమ్ముతోని నడిపియ్యొచ్చు. సిగ్నల్ ఎట్లుంటది?"

"మేడెక్కి ఒంటికాలు మీద నిలబడితె ఒక్క గీత."

నవీన ఆ మాట అక్కడనే ఒదిలేసింది. "రెండోది, కెమెరాలనే గోరంత కార్డు, మెమరీ చిప్పు. వారం రోజులది పడుతది."

"చిప్పు జబర్దస్తుగుంటది! దొరికితె వానికి చిప్పకూడే!"

"కెమెరానే కట్టెతోని కొట్టి పీకుతె చిప్పు గూడ పాయె గద కాకా. మూడోది, ఇంట్లనే ఇంకో డబ్బా, మూలకు దాసిపెట్టి."

"తలుపు ఇరుగ్గొట్టినోడు బియ్యం డ్రమ్ముల చెయ్యి పెట్టడా?" అన్నది మల్లక్క.

పోశం మాట్లాడలే. అది ఎన్నడూ జరుగని ముచ్చట గనుక ఆడోళ్ళిద్దరూ ఆయన దిక్కు చూసిండ్రు. దుకాణం గోడకు మొలలు, మొలలకు నంబర్లేసిన తాళంచెవులు. పోశం వాటినే చూస్తుండు.

"బాయిల దిగేటోనికి ఒక్కటే నంబరుతోని రెండు బిళ్ళలుంటయి బిడ్డా. ఒకటి వాని నడుముకు, ఒకటి పైన ల్యాంపురూంల నా బోర్డుకు. వాడు ఎక్కొస్తెనే పై బిళ్ళ దిగుతది. లోపల మనిషికి ఏమన్నయితె పైబిళ్ళనే చెప్పాలె. రెండు బిళ్ళలు ఒక్క జేబుల ఏసుకొని దిగుడు ఎక్కడన్న ఉన్నదా? నేను గదే చేసిన. రెండో డబ్బా నా ఇంట్ల ఉండద్దు. ఇంకొకల ఇంట్ల ఉండాలె."

"తీగ ఎవలింటికి అందుతది?" అడిగింది నవీన.

మల్లక్క మొకం మాడింది. అందేది ఒక్క బుచ్చవ్వ ఇంటికే. హాలు వెనుక, వీళ్ళకు ఏటవాలుగ. రెండిండ్ల నడుమ బట్టలారేసే తీగ ఉన్నది గని మాటలు లేవు. నల్లా కాడ బిందె ముందు పెట్టిన పంచాదికి రెండేండ్లు నిండినయ్.

ముగ్గురు పోయేవరకు బుచ్చవ్వ ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. తల ఎత్తకుండనే అంతా విన్నది.

"భానుప్రసాద్‌కు తెలిస్తె నా ఇంటి మీదికి రాడా అన్నా?"

"వస్తడు చెల్లె" అన్నడు పోశం. అబద్ధమాడలే.

బుచ్చవ్వ ఇంకో ఆకు తీసింది. కత్తిరించింది. "మా రాజం బిళ్ళ నంబరు యాదికున్నదా?"

"నాలుగు వందల పదిహేడు."

పదిహేనేండ్ల కింద ఒకనాడు షిఫ్టు అయినంక అందరూ ఎక్కొచ్చిండ్రని రాసి సంతకం పెట్టుమని పై ఆఫీసరు అరిచిండు. బోర్డు మీద నాలుగు వందల పదిహేడు ఇంక వేలాడుతనే ఉన్నది. "బిళ్ళ దిగేదాక పుస్తకం ముయ్య" అని పోశం కలం కింద పెట్టి కూసున్నడు. నౌకరీ తీస్తనంటే తియ్యిమన్నడు. మళ్ళ దిగి చూస్తె, కప్పు కూలిన కాడ బండ కింద కాలు ఇరుక్కొని బుచ్చవ్వ మొగడు రాజం. కాలు కుంటయింది గని మనిషి ఇంకో పద్నాలుగేండ్లు బుచ్చవ్వ చేతి అన్నం తిని, పోయినేడు పోయిండు.

"కూలర్ల పెట్టుండ్రి" అన్నది బుచ్చవ్వ.

"ఆఁ?"

"అదిగో, మూలకున్నది. చలికాలం దాని మొకం ఎవ్వడు చూస్తడు? నాలుగు దిక్కుల జాలీ, డబ్బాకు గాలాడుతది. ప్లగ్గు పక్కనే."

"అవ్వా, ఇన్నేండ్లల్ల నాకు తట్టలే గీ ఉపాయం!" అన్నది నవీన.

మల్లక్క కింద కూసొని, చాట తన దిక్కు గుంజుకొని రెండు బీడీలు చుట్టింది. రెండేండ్ల పంచాది రెండు బీడీలల్ల తెగింది.

"ఒక్క మాట మల్లక్కా" అన్నది బుచ్చవ్వ, "నీ మొగని నోట్లకెళ్ళి గిది బయట పడితె..."

"ఆ నోరు కుట్టుడు నా జిమ్మ."

బట్టలారేసే తీగను పట్టుకొని నల్ల వైరు గల్లీ దాటింది. కరెంటు తీసినా కెమెరా నడువనీకి చిన్న బ్యాటరీ పెట్టింది నవీన. షోకేసుల ఖరాబైన పాత డబ్బా ఒకటి, లోపల బుడ్డిలైటు మిణుకు మిణుకు. దానికి దండ మల్లక్కనే గుచ్చింది.

ఆదివారం ఆసిఫాబాద్‌ల చుట్టాల పెండ్లి. పోశం పొద్దున్నే నడిగల్లీల నిలబడి, "పొద్దుగూకేదాక రాము! ఇల్లు పైలం!" అని గొంతు పగిలేటట్టు అరిచి బస్సెక్కిండు. మళ్ళచ్చేవరకు అనుకున్నట్టే దండ కింద, డబ్బా గాయబ్, రాయి గల్లీల. ఏడుపుమొకం పెట్టాలె గదా, పెట్టిండు. దానికే ఆయనకు సగం పానం పోయింది.

సోమారం సర్వేయర్ మేడం నక్ష, టేపు పట్టుకొని వచ్చింది. భానుప్రసాద్ ఇస్త్రీ చొక్కాల వచ్చిండు.

"రాయి జరిపిండ్రంటరు గదా మేడం, రికార్డు చూపియ్యమనుండ్రి" అన్నడు.

"చూపిస్తం, ఆగు" అని బుచ్చవ్వ లోపలికెళ్ళి తన టీవీ పట్టుకొచ్చి స్టూలు మీద పెట్టింది. నవీన పెన్‌డ్రైవు గుచ్చింది. పదకొండు ఇండ్లు చుట్టూ మూగినయ్.

ఆదివారం, పట్టపగలు పదకొండు దాటింది. భానుప్రసాద్ మనిషి పోశం ఇంట్లకెళ్ళి గోనెసంచి మోసుకుంట బయటికొస్తుండు. వెనుక గడ్డపారలతోని ఇద్దరు కూలోళ్ళు. వాళ్ళ నడుమ నెత్తికి, మొకానికి తువ్వాల చుట్టుకున్న ఒక మనిషి. కండ్లు తప్ప ఏం కనబడలే.

"గదెవలో మీరే చెప్పుండ్రి" అని భానుప్రసాద్ చేతులు కట్టుకున్నడు.

టీవీల కూలోళ్ళు గడ్డపార దించలే. ఎనుకకు జరిగిండ్రు, తల అడ్డం ఊపిండ్రు. వాళ్ళేమంటుండ్రో వినబడకున్నా గల్లీకి తెలుసు. రాయి పాత గుంతల పోశం నిలబెట్టింది, ఇప్పటికే ఒకసారి జరిపిండ్రు. హద్దురాయిని కాయ కొట్టకుంట రెండోసారి ముడితె ఇల్లు ఆగమైతదని భయం. ఒకడు ఉరికి కొబ్బరికాయ తెచ్చిండు. ఎవలు కొట్టాలె? రాయి ఎవల కోసం జరుగుతుందో వాళ్ళే కొట్టాలె.

తువ్వాల మనిషి చెప్పులిడిసిండు. దేవునికి మొక్కేటోడు నెత్తి మీద బట్ట ఉంచుకోడు గదా, తువ్వాల తీసి భుజానేసిండు. తూర్పు మొకం తిరిగిండు. తూర్పున పోశం ఇల్లు, పోశం ఇంటికి కెమెరా. డబ్బా ఎట్లనూ సంచిల ఉన్నదని నిమ్మళం. భానుప్రసాద్ రెండు చేతులు జోడించి, కండ్లు మూసి, నిండ రెండు నిమిషాలు కెమెరా ముందు నిలబడ్డడు. ఫోటో స్టూడియోల గూడ అంత కదలకుంట ఎవ్వడూ నిలబడడు. తర్వాత కాయ కొట్టిండు, బొట్టు పెట్టిండు, జరుపుమని సైగ చేసిండు.

గల్లీల ముందు ఒక దగ్గు, తర్వాత ఒక నవ్వు, తర్వాత దగ్గుతోని కలిసి పదకొండు ఇండ్ల నవ్వు. భానుప్రసాద్ చూపు పోశం షోకేసు దిక్కు పోయి, అక్కడికెళ్ళి తన మనిషి మొకం మీదికి వచ్చింది. వాడు చెప్పులు చూసుకుంటుండు.

సర్వేయర్ మేడం పాత గుంత కాడికి పోయింది. కొబ్బరిచిప్ప, కుంకుమ ఇంక అక్కడనే ఉన్నయి. అక్కడికెళ్ళే టేపు పట్టింది. పన్నెండు ఫీట్లు. రాయిని ఎవలు జరిపిండ్రో ఆ కూలోళ్ళే మళ్ళ మోసుకొచ్చిండ్రు.

"ఆగుండ్రి" అన్నది బుచ్చవ్వ. "గీసారి కాయ మాది."

కాయ పలిగినంక భానుప్రసాద్ పోశం మీదికి వచ్చిండు. "ఇయ్యాల్టితోని అయిపోయిందనుకుంటున్నవా? డబ్బా గీ ముసలిదాని ఇంట్ల ఉన్నదని తెలిసింది గదా!"

"రా, చూసుకో" అన్నది బుచ్చవ్వ. చేయి పట్టి గుంజుకపోయినంత పని చేసి కూలర్ మీది బట్ట లేపింది. లోపల గడ్డి, ఒక బల్లి. డబ్బా లేదు.

భానుప్రసాద్ కన్న ముందు పోశం నోరు తెరిచిండు. "ఏడ పెట్టిండ్రే?"

"పొద్దున్నే బిళ్ళ మారింది అన్నా" అన్నది బుచ్చవ్వ. నవీన ఇంకో చుట్ట తీగ తెచ్చినట్టున్నది, ఆమె బుగ్గల నవ్వు దాసుకుంటుంది.

"ఎవలింట్ల?"

"నీకు చెప్తె దసరాకు దండేసి ఊరందరికి చూపిస్తవ్" అన్నది మల్లక్క.

పోశంకు రోషం రావాలె. రాలే. రొమ్ము ఇరుసుకొని భానుప్రసాద్ దిక్కు తిరిగిండు.

"విన్నవా తమ్మీ? నన్ను కొట్టినా తిట్టినా ఫాయిద లేదు, నాకే తెల్వది! పదకొండు ఇండ్లున్నయి. ఒక్కొక్క తలుపు కొట్టుకుంట పో. నువ్వు పదకొండో ఇంటికి పోయేవరకు అది మొదటింటికి వస్తది. గీ గల్లీల ఎవ్వల బిళ్ళ దిగకున్నా పుస్తకం ముయ్యం!"

భానుప్రసాద్ కారు ఎక్కి పోయిండు. గల్లీ మొగదల కారు తిప్పుకోనీకి జాగ సరిపోయింది, పన్నెండు ఫీట్లు గదా.

ఇండ్ల మీదికెళ్ళి కొత్త వైరు ఎటో పోతుంది. పోశం తల ఎత్తబోయి ఆగిండు. అది ఎవలింట్లకు దిగిందో కంట పడద్దని వీపు తిప్పుకొని, నేల చూసుకుంట ఇంటికి నడిచిండు.